సుత్తి పడింది, నవ్వొచ్చిందా?

నవ్వకుండా నవ్వించేవారిని చూసి నవ్వాలా, నమ్మాలా, కేసు పెట్టాలా? పుదుచ్చేరి తీరం నుంచి హైదరాబాద్ దాకా ప్రేక్షకుడిది ఇదే సందిగ్ధం

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన, బీచ్ రోడ్డు సందడి సద్దుమణిగాక వస్తుంది వైతికుప్పం. మత్స్యకారుల పేట. ఏటా మాసి మగం పండుగకు మైలం, తీవనూరు వంటి ఊళ్ల నుంచి ఉత్సవ విగ్రహాలు ఈ తీరానికే సముద్ర స్నానానికి వస్తాయి. మిగతా రోజుల్లో పడవలు, వలలు, చేపల బేరాలు. ఈ పేటలో అయినా, తమిళం మాట్లాడే మరే పేటలో అయినా ఎవరికీ పరిచయం చెయ్యనక్కర్లేని ముఖం ఒకటుంది. అది వడివేలుది. అల్లుడి అలక నుంచి కేంద్ర బడ్జెట్ దాకా దేనిమీద వ్యాఖ్యానించాలన్నా ఆయన ముఖకవళికల్లో ఏదో ఒకటి సరిపోతుంది.

అంతటి వడివేలు తలకు 2019 మే 29న పెద్ద దెబ్బ తగిలింది. ఆయన కోలుకోవాలని ప్రపంచం ప్రార్థించింది.

సరిగ్గా చెప్పాలంటే దెబ్బ తగిలింది వడివేలుకు కాదు. 2001లో వచ్చిన ‘ఫ్రెండ్స్’ సినిమాలో ఆయన పోషించిన కాంట్రాక్టర్ నేసమణి పాత్రకు. అదీ అప్పటికి 18 ఏళ్ల కిందట. అసలు కథ మొదలైంది పాకిస్తాన్‌లో. అక్కడి సివిల్ ఇంజినీరింగ్ ఫేస్‌బుక్ పేజీ ఒకటి సుత్తి ఫొటో పెట్టి, మీ దేశంలో దీన్నేమంటారని అడిగింది. ఓ తమిళ ఇంజినీరు పేరు చెప్పి ఊరుకోలేదు. ఇలాంటిదే జమీందారు బంగళాలో నేసమణి తలమీద పడిందని, పాపం బాగా దెబ్బ తగిలిందని రాశాడు. మరొకరు అంతే గంభీరంగా, ఇప్పుడాయనకు ఎలా ఉందని అడిగారు. అంతే. తెల్లవారేసరికి ‘నేసమణి కోసం ప్రార్థించండి’ అన్న నినాదం ట్విట్టర్‌లో దేశంలోనే కాదు, ప్రపంచ జాబితాలోనూ పైకెక్కి కూచుంది. ఉత్తుత్తి హెల్త్ బులెటిన్లు వెలువడ్డాయి. నరేంద్ర మోదీ రెండోసారి ప్రధానిగా ప్రమాణం చేసింది మే 30న. ఆ పూట తమిళులకు ప్రధాన వార్త మాత్రం నేసమణి స్పృహలోకి వచ్చాడా లేదా అన్నదే.

అయితే తమిళం రానివారి పరిస్థితి వేరు. ఎవరీ నేసమణి, ఏ ఆస్పత్రిలో ఉన్నారు, ప్రాణాపాయం తప్పిందా అని ఆరా తీసినవారిలో కొందరు ఆట పట్టించారు. కొందరు నిజంగానే కంగారుపడ్డారు. ఎవరు ఏ బాపతో తేల్చుకునే మార్గం లేదు. ఈ మొత్తం వ్యవహారంలో అసలు పాఠం అదే.

ఈ సుత్తి తెలుగువారికి కొత్త కాదు. ‘ఫ్రెండ్స్’ కథ అదే ఏడాది ‘స్నేహమంటే ఇదేరా’గా తెలుగులోకి వచ్చింది. కానీ అంతకు చాలా ముందే, 1982లో, జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’తో సుత్తిని పనిముట్ల పెట్టెలోంచి తీసి భాషలో పెట్టారు. విసిగించే మాటే సుత్తి. ఆ దెబ్బకు వీరభద్రరావు, వేలు ఇద్దరికీ అది ఇంటిపేరైపోయింది. విశేషమేమిటంటే, ఆ సినిమాలో సుత్తి కొట్టేవాడు నవ్వడు. తాను చెబుతున్నది లోకోపకారమన్నంత శ్రద్ధగా చెబుతాడు. చూసేవాడు నవ్వలేక చస్తాడు.

నవ్వకుండా నవ్వించడం హాస్యంలో అన్నిటికన్నా కష్టమైన విద్య. దాన్ని మరో మెట్టు పైకి తీసుకెళితే, హాస్యగాళ్లమీదే గంభీరంగా విమర్శ రాయడం. పండిత సభలో ప్రబంధాన్ని చీల్చిచెండాడినట్టు కామెడీని చీల్చిచెండాడటం. ఇలాంటి సమీక్ష ఒకదాన్ని ఊహించుకోండి:

“బ్రహ్మానందంగారి నటనలో మౌలికమైన లోపం బాధ్యతారాహిత్యం. 1987లో ‘అహ నా పెళ్లంట’లో అరగుండుగా అవతరించిన ఆయన మిగతా సగం జుట్టు సమస్యపై ఇంతవరకు ఒక స్పష్టమైన వైఖరి ప్రకటించలేదు. 1993లో ‘మనీ’లో ఖాన్ దాదాగా భూగర్భ ఆర్థిక వ్యవస్థను స్పృశించారు గానీ పరిష్కారం చూపలేదు. చెంపదెబ్బ తిన్న ప్రతిసారీ ప్రేక్షకుడి వైపు చూస్తారు. ప్రేక్షకుడు ఏ సాయమూ చెయ్యలేడని తెలిసి కూడా అలా చూడటం ఆయన వయసుకు తగదు. వేయికి పైగా పాత్రలు వేశారంటే ఏ ఒక్కదానిలోనూ కుదురుగా లేరనే అర్థం.”

దీనికి వచ్చే స్పందనలను ఊహించడం కష్టం కాదు. మొదటి పాఠకుడు నవ్వుతాడు. రెండోవాడికి ఒళ్లు మండుతుంది. 2009లో పద్మశ్రీ అందుకున్న మనిషిని, గిన్నిస్ పుస్తకంలోకెక్కిన నటుడిని విమర్శించడానికి నువ్వెవడివని నిలదీస్తాడు. మూడోవాడు తలపండినవాడు. నిజమేనండీ, ఈ మధ్య హాస్యం స్థాయి దిగజారిపోయిందని సమీక్షతో ఏకీభవిస్తాడు. రెండోవాడికన్నా మూడోవాడే ప్రమాదకరమని రాసినవాడికి ఆలస్యంగా తెలుస్తుంది. కోప్పడినవాడికి కనీసం అది విమర్శలా తగిలింది. ఒప్పుకున్నవాడికి అసలేదీ తగల్లేదు.

ఇది తెలుగువారి అమాయకత్వమేమీ కాదు. రాసినవాడు కన్నుగీటి ఓ సూచన ఇవ్వకపోతే, వెటకారానికీ వెర్రి నమ్మకానికీ తేడా పోల్చడం అసాధ్యమని నేథన్ పో అనే వ్యక్తి 2005లో ఓ చర్చలో అన్న మాట ‘పో సూత్రం’గా స్థిరపడింది. ఏడేళ్లకు దానికి అంతర్జాతీయ నిరూపణ దొరికింది. అమెరికా వ్యంగ్య పత్రిక ‘ది ఆనియన్’ 2012లో ఉత్తర కొరియా పాలకుడు కిమ్ జోంగ్ ఉన్‌ను ఆ ఏటి మేటి అందగాడిగా ఎంపిక చేసింది. చైనా కమ్యూనిస్టు పార్టీ అధికార పత్రిక ‘పీపుల్స్ డైలీ’ వెబ్‌సైట్ దాన్ని యథాతథంగా నమ్మి, 55 పేజీల ఫొటోలు జోడించి మరీ ప్రచురించింది. పార్టీ పత్రికలో పనిచేసేవారికి అతిశయోక్తి కొత్తగా కనిపించకపోవడం సహజమే.

తెలుగు నేలకు ఈ విద్యలో పాత అనుభవముంది. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీతో ఊళ్లోకి దిగే పిట్టలదొర చేసేది ఇదే. తెలంగాణలో తుపాకి రాముడన్నా ఆయనే. తన జమీందారీ గురించి, తను కొట్టిన పులుల గురించి వచ్చీరాని ఇంగ్లిష్ కలిపి కోతలు కోస్తాడు. పెదవిమీద నవ్వు మాత్రం రానివ్వడు. అసలు దొరలు ఊళ్లను ఏలుతున్న కాలంలో ఈ ఉత్తుత్తి దొర వారి ఠీవిని వీధి మధ్యలో విప్పి చూపాడు. చదువుకున్నవారి కోసం అవధానంలోనూ ఒక కుర్చీ ఉంది. అవధాని పద్యం కట్టుకుంటుంటే మధ్యలో పొంతనలేని ప్రశ్నలతో పట్టాలు తప్పించడానికి అప్రస్తుత ప్రసంగి అని ప్రత్యేకంగా ఒకరుంటారు. అల్లరికి అధికారిక హోదా ఇచ్చిన సాహిత్య ప్రక్రియ ప్రపంచంలో మరొకటి ఉందో లేదో. ఇక జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి (1914-68) తన కాలపు మహామహుల కవిత్వానికి పేరడీలు కట్టి జరుక్ శాస్త్రిగా, పేరడీ శాస్త్రిగా సాహిత్య చరిత్రలోకెక్కారు. పేరడీ పడిందంటే కవి పేరు స్థిరపడినట్టే.

ఈ మూడింటిలోనూ ఒక సదుపాయముంది. పిట్టలదొరకు కట్టె తుపాకీ ఉంది. అప్రస్తుత ప్రసంగికి కుర్చీ ఉంది. జరుక్ శాస్త్రికి మూల పద్యం కంఠతా వచ్చిన పాఠకులున్నారు. అంటే కన్నుగీటే పని వేషమో, వేదికో, పరిచయమో చేసిపెట్టేది. కాబట్టి ఆడేవాడు నవ్వకపోయినా నష్టం లేదు. ఫోన్ వచ్చాక జరిగిన మార్పు ఇక్కడే. వీధిలో ఆడిన ఆట వీధి దాటి, తుపాకీ కట్టెదని తెలియనివాడి చేతిలో పడుతోంది.

తుపాకీ అంటే గుర్తొచ్చే ఉదాహరణ ఒకటి తమిళనాడులోనే ఉంది. మదురై జిల్లాకు చెందిన ఓ వామపక్ష కార్యకర్త కుటుంబంతో సిరుమలై కొండలకు విహారానికి వెళ్లి, ఆ ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టాడు. కింద, తుపాకీ శిక్షణ కోసం సిరుమలై యాత్ర అని రాశాడు. వాడిపట్టి పోలీసులు దాన్ని చదివి నవ్వలేదు. ప్రభుత్వంపై యుద్ధానికి సన్నాహాలు చేస్తున్నాడన్న సెక్షన్ సహా కేసు నమోదు చేశారు. 2021 డిసెంబర్‌లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనంలో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ ఆ కేసును కొట్టేశారు. హాస్యమాడే హక్కును రాజ్యాంగంలోని 19వ అధికరణంలోనే వెతికి పట్టుకోవచ్చని ఆ తీర్పు సారాంశం. ఒక జోకు జోకేనని నిర్ధారించుకోవడానికి దేశంలో హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చిందన్నది అందులో రాయని మరో సారాంశం.

హైదరాబాద్ వంతు అంతకు ముందే వచ్చింది. 2014 జూన్‌లో తెలంగాణ తొలి శాసనసభ కొలువుదీరినప్పుడు, కొత్త ఎమ్మెల్యేల ప్రమాణస్వీకారంపై టీవీ9 తన వ్యంగ్య కార్యక్రమం ‘బుల్లెట్ న్యూస్’లో ఓ సమీక్ష లాంటిది ప్రసారం చేసింది. సభలో ఆగ్రహం పెల్లుబికింది. తెలంగాణ యాసను, ప్రజాప్రతినిధులను అవమానించారన్నది ఆరోపణ. దశాబ్దాల పాటు సినిమాల్లో తమ యాస విలన్లకు, వెకిలి పాత్రలకు పరిమితమవడం చూసిన ప్రాంతం అది. ఆ కోపానికి చరిత్ర ఉంది. కానీ కోపం మాటలతో ఆగలేదు. జూన్ 16 నుంచి టీవీ9తో పాటు ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు రాష్ట్రంలో కేబుల్‌పై ఆగిపోయాయి. అది ఆపరేటర్ల నిర్ణయమని, తమకు సంబంధం లేదని ప్రభుత్వం చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఏడేళ్ల తర్వాత, 2021 డిసెంబర్‌లో, బెంగళూరులో మునావర్ ఫారూఖీ, కునాల్ కమ్రా షోలు రద్దయినప్పుడు అదే ప్రభుత్వంలోని మంత్రి కె. తారక రామారావు హైదరాబాద్ రమ్మని వారిని బహిరంగంగా ఆహ్వానించారు. రాజకీయంగా తమతో విభేదించినంత మాత్రాన తమ దగ్గర షోలు రద్దు చెయ్యబోమన్నారు. మాట నిలిచింది. 2022 ఆగస్టు 20న శిల్పకళావేదికలో మునావర్ షో భారీ బందోబస్తు మధ్య జరిగింది. అడ్డుకుంటానన్న బీజేపీ ఎమ్మెల్యే రాజాసింగ్‌ను ముందురోజే పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. కళాకారుడికి రక్షణ దొరకడం హర్షణీయమే. అయితే ఎగతాళి పడేది ప్రత్యర్థి మీదైతే భావప్రకటన స్వేచ్ఛ, మనమీదైతే ఆత్మగౌరవం అన్న సూత్రం ఏ పార్టీకీ సొంతం కాదని ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

మునావర్ అనుభవం ఇంకా విచిత్రం. 2021 జనవరి 1న ఇండోర్‌లో ఆయన్ను అరెస్టు చేశారు. ఆయనపై ఆరోపించిన జోకులు ఆ రోజు ఆ వేదికపై చెప్పనే లేదని అక్కడున్నవారు చెప్పారు. సుప్రీంకోర్టు ఫిబ్రవరి 5న బెయిలిచ్చేదాకా జైల్లోనే ఉన్నారు. నవ్వించినందుకు శిక్ష పడినవారు చరిత్రలో చాలామంది ఉన్నారు. నవ్వించబోతున్నాడన్న అనుమానంపై నెల రోజులకు పైగా లోపలున్నవారు అరుదు.

దీన్నిబట్టి చూస్తే, పేరున్న స్టాండప్ కమెడియన్లపై ముఖంలో నవ్వు లేకుండా విమర్శలు రాసే పని ఇప్పుడు హాస్య రచయితల చేతుల్లో లేదు. అది ఫిర్యాదుదారులకు, స్టేషన్ రైటర్లకు, సభాహక్కుల కమిటీలకు బదిలీ అయింది. వారి సమీక్షకు ఎఫ్ఐఆర్ అని పేరు. శైలి పొడిగా ఉంటుంది. జోకును పూర్తిగా ఎత్తి రాస్తారు. దానివల్ల ఏయే వర్గాల మధ్య ఏయే వైషమ్యాలు రేగవచ్చో సెక్షన్ల వారీగా వివరిస్తారు. చదివినవాడికి ఇది నిజమా, పేరడీయా అన్న అనుమానం వస్తుంది. అదే సమయంలో, నవ్వితే తన పేరు కూడా చేర్చుతారేమోనన్న భయమూ వేస్తుంది.

ఈ భయం ఊహ కాదు. 2025 మార్చిలో కునాల్ కమ్రా ముంబైలోని ‘ది హాబిటాట్’లో తీసిన ప్రదర్శనను విడుదల చేశారు. అందులో 1997 నాటి హిందీ సినిమా పాట వరసలో ఓ పేరడీ ఉంది. మహారాష్ట్ర ఉప ముఖ్యమంత్రి ఏక్‌నాథ్ షిండే పేరు అందులో లేదు. అయినా ఎవరి గురించో శ్రోతలకు అర్థమైంది. అర్థమైందని అందరికన్నా ముందు చాటింది ఆయన అనుచరులే. మార్చి 23 రాత్రి హాబిటాట్‌ను ధ్వంసం చేశారు. 12 మందిని అరెస్టు చేస్తే వారికి ఆ మర్నాడే బెయిలొచ్చింది. వ్యంగ్యం తనకు అర్థమవుతుందని, కానీ దానికో హద్దుండాలని షిండే అన్నారు. క్షమాపణ చెప్పేది లేదని కమ్రా ప్రకటించారు. కమ్రాపై కేసు నమోదైంది. శాసన మండలిలో సభాహక్కుల ఉల్లంఘన నోటీసు వచ్చింది. ఆ ప్రదర్శన చూసిన ప్రేక్షకులకు కూడా పోలీసుల పిలుపులు వెళ్లాయని, ఒకాయన సెలవు యాత్ర మధ్యలో మానుకుని తిరిగి వచ్చాడని వార్తలొచ్చాయి.

ఇక్కడే కథ మళ్లీ వైతికుప్పం దరిదాపులకు వస్తుంది. 2021 నుంచి తాను తమిళనాడులో ఉంటున్నానని, విళుపురం జిల్లా వాసినని కమ్రా మద్రాసు హైకోర్టుకు చెప్పుకున్నారు. మార్చి 28న ఆయనకు తాత్కాలిక ముందస్తు బెయిలు దొరికింది. వానూరు మేజిస్ట్రేట్ ఎదుట పూచీకత్తు ఇవ్వాలన్నది షరతు. వానూరు పుదుచ్చేరిని ఆనుకున్న ప్రాంతం. వైతికుప్పం నుంచి గంట ప్రయాణం కూడా ఉండదు. ఏప్రిల్ 25న బొంబాయి హైకోర్టు, పిటిషన్ తేలేదాకా ఆయన్ను అరెస్టు చెయ్యరాదంది.

వెటకారానికి ఈ తీరం ఆశ్రయమివ్వడం మొదటిసారి కాదు. 1908లో మద్రాసులో అరెస్టు ముప్పు ముంచుకొచ్చినప్పుడు సుబ్రహ్మణ్య భారతి ఫ్రెంచి వారి పుదుచ్చేరికి చేరుకున్నారు. ఆయన నడిపిన ‘ఇండియా’ వారపత్రిక కూడా ఇక్కడికే తరలింది. తమిళంలో రాజకీయ కార్టూన్లకు దారి వేసిన పత్రిక అది. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని తన భూభాగంలోకి రానివ్వకపోవడంతో 1910లో మూతపడింది. పాఠకులు అవతలి ఒడ్డున, ప్రెస్సు ఇవతలి ఒడ్డున ఉంటే పత్రిక ఎన్నాళ్లు నడుస్తుంది? పదేళ్ల తర్వాత, 1918లో, భారతి సరిహద్దు దాటగానే పోలీసులు పట్టుకున్నారు.

అలాగని పుదుచ్చేరి ఎప్పుడూ ఆశ్రయమేనని మురిసిపోవాల్సిన పనీ లేదు. కేంద్ర మంత్రి కొడుకు ఆస్తుల గురించి ట్విట్టర్‌లో వ్యాఖ్యానించినందుకు 2012 అక్టోబర్‌లో ఇక్కడి ఓ చిన్న వ్యాపారిని ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ కింద అరెస్టు చేశారు. అప్పటికి ఆ ట్వీట్ చూసినవారు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. అరెస్టు తర్వాత దేశమంతా చదివింది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టిపారేసింది. 2024 మార్చి నెలాఖరులో పుదుచ్చేరి విశ్వవిద్యాలయ ఉత్సవంలో ‘సోమాయణం’ అనే నాటకాన్ని విద్యార్థులు ప్రదర్శించారు. రామాయణ పాత్రలను ఎగతాళి చేశారని ఏబీవీపీ ఆందోళనకు దిగింది. విశ్వవిద్యాలయం విచారణకు ఆదేశించింది, పోలీసు కేసు నమోదైంది. ఎవరి మనసూ నొప్పించే ఉద్దేశం లేదన్నారు విద్యార్థులు. నమ్మకం ఉన్నవాడికి కలిగిన నొప్పి నటనేనని కొట్టిపారెయ్యడం కూడా సరికాదు.

హాస్యం పేరుతో సాగే ప్రతిదీ కాపాడదగ్గదే అనుకోవడం కూడా పిట్టలదొర కోత లాంటిదే. 2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ తెలుగు ఇళ్లలో నవ్వులు పంచింది. ఆడవేషాల మీద, శరీరాల మీద, కులవృత్తుల మీద విసిరిన మాటలకు నిరసనలూ మూటగట్టుకుంది. ఓ స్కిట్‌లో కల్లుగీత కార్మికులను కించపరిచారంటూ 2014లో ఆ కార్యక్రమ నటుడిపై దాడి జరిగింది. దాడి నేరం, ఫిర్యాదు హక్కు. ఈ రెంటి మధ్య గీతను చెరిపేసేవారే ఎక్కువ. దొరను వెక్కిరించిన పిట్టలదొరకూ, దొరగారి పంచన చేరి జీతగాడిని వెక్కిరించేవాడికీ వేషం ఒకటే కావచ్చు, ఆట ఒకటి కాదు. ఈ తేడా చెప్పాల్సింది విమర్శకుడు. విమర్శకుడి కుర్చీ ఖాళీగా ఉంటే దానిలో ఎస్సై కూచుంటాడు.

ప్రేక్షకుడి బాధ్యత కూడా ఇక్కడే ఉంది. అర్థం కానప్పుడు అర్థం కాలేదని ఒప్పుకోవడం, నవ్వు రానప్పుడు లేచి వెళ్లిపోవడం, నచ్చనప్పుడు నచ్చలేదని ఘాటుగా రాయడం. కావాలంటే ముఖం మీద నవ్వు లేకుండా రాయడం. వడివేలుకే ఈ శిక్ష పడింది. 2011 తమిళనాడు ఎన్నికల్లో డీఎంకే తరఫున ప్రచారం చేశాక ఆయనకు సినిమాలు తగ్గిపోయాయి. నవ్వించేవాడు నిజం మాట్లాడుతుంటే తెరముందు కూచున్నవాళ్లకు ఎందుకో ఇబ్బంది. 2023లో ‘మామన్నన్’లో నవ్వు ఛాయలే లేని పాత్రలో ఆయన తిరిగి వచ్చినప్పుడు, అదే జనం కళ్లు తుడుచుకుని చప్పట్లు కొట్టారు.

నేసమణి సంగతికి వస్తే, అతని తలమీద పడిన సుత్తి ఉత్తుత్తిది, గాయం ఉత్తుత్తిది, ప్రార్థనలూ ఉత్తుత్తివే. ఎవరికీ ఏమీ కాలేదు. 2025 మార్చి 24న, ముంబైలో హాబిటాట్ ధ్వంసమైన మర్నాడు, అక్కడ అక్రమ నిర్మాణాలున్నాయంటూ నగరపాలక సిబ్బంది వచ్చారు. వారి చేతుల్లో సుత్తులున్నాయి. ఆ సుత్తులు మాత్రం నిజమైనవే.